గాలిపెట్టె కథ

పెద్దాపురం పేరు చెప్పగానే కొందరు మరిడమ్మ జాతర అంటారు, కొందరు పట్టుపంచెలంటారు. ఇంకొందరు ఏమీ అనరు, ముసిముసిగా నవ్వి ఊరుకుంటారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళుమంట. మన అమ్మమ్మల్లో చాలామందికి అక్షరాలు కూడా రాని రోజుల్లో, ఆ ఊరి కలావంతుల ఆడవాళ్ళు చదువుకున్నారు. క్షేత్రయ్య పదాలూ జావళీలూ కంఠతా పట్టి, ఒక్కొక్క మాటకీ పదేసి విధాలుగా అభినయం పట్టేవారు. ఆ మేళంలో వెనక నిలబడిన ఒక వాయిద్యం సంగతే ఇవాళ చెబుతాను.

అవును, నిలబడే. పాత మేళంలో వాయించేవాళ్ళు చాపేసుకుని కూర్చునేవారు కారు. ఆడే మనిషి ముందుకు నాలుగడుగులు వేస్తే మద్దెల నడుముకు కట్టుకున్నాయనా నాలుగడుగులు వేసేవాడు, ఆమె వెనక్కి వస్తే ఆయనా వెనక్కే. శ్రుతికి తిత్తి ఉండేది. తోలుసంచీలో గాలి నింపి, చంకలో పెట్టి నొక్కుతూ ఉంటే ఒకే స్వరం ఆగకుండా పలుకుతుంది. కొలిమితిత్తికి చెల్లెలన్నమాట!

ఆ తిత్తిని ఇంటికి పంపించింది హార్మోనియం. దీన్ని 1842లో పారిస్‌లో దెబేన్ అనే ఆయన పేటెంటు చేయించాడు. అప్పట్లో కుర్చీలో కూర్చుని కాళ్ళతో తొక్కాలి. మనకి కుర్చీలెక్కడివి? కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో దాన్ని పెట్టెగా కుదించి, తిత్తిని వెనక్కి మార్చి, ఎడంచేత్తో ఊదుకునేట్టు చేశాడు. ఇంకేం, నాటకాలవాళ్ళు, భజనలవాళ్ళు, మేళాలవాళ్ళు అందరూ ఎత్తుకున్నారు. పద్యనాటకంలో రాగం సాగదీసి వన్స్ మోర్ కొట్టించుకోవాలంటే పక్కన అది ఉండాల్సిందే.

దీనికి సముద్రాల అవతల ఒక అక్కగారుంది, అకార్డియన్. 1829లో వియన్నాలో పుట్టింది. రెండింటి పేగులూ ఒకటే: ఒక కొస బిగించి రెండో కొస వదిలేసిన సన్నని లోహపు నాలుక, దాని మీదుగా పోయే గాలి. ఆ అక్కగారు ఓడలెక్కి దక్షిణ అమెరికాలో కొలంబియా తీరానికి చేరింది. అక్కడి పశువులకాపర్లు, కూలివాళ్ళు దానికి ఒక చిన్న డోలూ, గీరి వాయించే కర్రా జతచేసి వల్లెనాతో అనే పాట కట్టారు. ఆ మీటలపెట్టెలో చిత్రమేమిటంటే, లాగితే ఒక స్వరం, నొక్కితే ఇంకో స్వరం. ఆ లాగుడూ నొక్కుడులోనే సగం నాట్యం ఉంది. పెద్దింటివాళ్ళు దాన్ని చాలాకాలం గడప తొక్కనివ్వలేదు. చివరికి 1968లో వల్యెదుపార్ ఊళ్ళో పెద్ద ఉత్సవం పెట్టి అలెహో దురాన్ అనే గాయకుడికి రాజు బిరుదిచ్చారు. 2015లో యునెస్కో జాబితాకీ ఎక్కింది.

మన గాలిపెట్టెకి ఆ భోగం పట్టలేదు. గమకం పలకదని 1940లో రేడియోవాళ్ళు నిషేధించారు. 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. గమకం పలకదన్న మాట నిజమే, కాదనను. కానీ నాటకం చూడ్డానికి మైళ్ళు నడిచి వెళ్ళిన జనం ఆ లోటు పట్టించుకున్నారా?

మేళానికి పట్టిన గతి ఇంకా పెద్దది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీల చట్టం తెచ్చింది. పసిపిల్లల్ని దేవుడి పేరు చెప్పి అంకితం చెయ్యడం ఆగాల్సిందే, అందులో రెండోమాట లేదు. అయితే గుళ్ళలో, దేవుడి ఉత్సవాల్లో ఆడడం కూడా దాంతోపాటే నేరమైపోయింది.

విచిత్రం చూడండి, అదే 1947లో, పెద్దాపురంలో పుట్టిన అంజలీదేవి 'గొల్లభామ' సినిమాతో పేరు తెచ్చుకుంది. ఆమెది నాటకాల దారి. పక్కనున్న కాకినాడలో నాటకాలాడి, వాటికి వరసలు కట్టే ఆదినారాయణరావుగారిని పెళ్ళాడింది. పదేళ్ళకి, 1957లో, ఆయన సంగీతంతో వాళ్ళ సొంత సినిమా 'సువర్ణసుందరి' వచ్చింది. హిందీలోనూ తీస్తే లతా మంగేష్కర్, రఫీ పాడారు. అందులో ఆమె ఆడుతుంటే మనవాళ్ళు పిల్లాపాపలతో వెళ్ళి చూశారు, ఎవరూ మొహం తిప్పుకోలేదు.

అదే సమయంలో గోదావరి జిల్లాల్లో మేళాల ఆడవాళ్ళు గజ్జెలు పెట్టెలో పెట్టేశారు. దవేష్ సోనేజీ అనే పరిశోధకుడు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి విని, 2012లో ఇంగ్లీషులో పుస్తకం వేశాడు. అప్పటికి ముసలివాళ్ళైపోయిన ఆ తల్లులు సభలకి వెళ్ళడం లేదు, ఎవరినీ పిలవడం లేదు. ఇంట్లోనే, తమలో తాము కూర్చుని జావళీ పాడుకుంటూ చేతులూ కళ్ళూ తిప్పుకుంటున్నారట.