ఏర్ అంటే నీళ్లు

పొద్దున్న ఎనిమిదైనా కాలేదు, అప్పుడే అరుగు మీదికి ఎండ పాకింది. వాకిట్లో ఇప్పపూలు ఆరబోశారు. ఆ తీపి మత్తు వాసన గొంతులోకి దిగుతోంది. చాపకి అటు అవ్వ, ఇటు మనం, మధ్యలో ల్యాప్‌టాపు, ఫోను. మైకులో గాలి హోరు పడకుండా ఫోనుకి చేతిరుమాలు చుట్టాం. కోడి కూసినప్పుడల్లా రికార్డింగు ఆపాలి. ఇప్పటికి నాలుగుసార్లు ఆపాం.

ఇది బీజాపూర్ జిల్లా, బస్తర్‌కి నైరుతి కొస. నిన్న ఏటూరునాగారం దాటి, ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటి వచ్చాం. భోపాలపట్నంలో తెలుగులోనే టీ అడిగాం, తెలుగులోనే చిల్లర పుచ్చుకున్నాం. లోపలికి వస్తున్నకొద్దీ తెలుగు పలచబడి గోండి చిక్కబడింది.

తెర మీద షీటు తెరిచి ఉంది. మొదటి కాలమ్‌లో వాక్యం నంబరు, రెండో దాంట్లో హిందీ, మూడో దాంట్లో గోండి. నాలుగోది ఏ ఊరి మాటో చెబుతుంది. ఐదో దాంట్లో, విని సరే అన్న ఇంకొకరి పేరు రాయాలి. ఈ ఐదో కాలమ్ నిండని వరుసని మేం లెక్కలోకి తీసుకోం.

గురూజీ హిందీ వాక్యం చదివి అవ్వకి విడమరిచి చెబుతారు. ఊరి బడిలో పంతులు ఆయన. ఇక్కడ పంతుళ్లని గురూజీ అనే పిలుస్తారు. అవ్వ కాసేపు ఇప్పపూల వైపు చూసి, నెమ్మదిగా బదులు చెబుతుంది. అందులో 'ఏర్' అన్న మాట వినబడగానే మన చెవి ఏటి ఒడ్డుకి పరిగెడుతుంది. గురూజీ తల అడ్డంగా ఊపి, పక్కనున్న చెంబు ఎత్తి చూపిస్తారు. ఏర్ అంటే నీళ్లు. మనం పారే నీటికి మాత్రమే ఉంచుకున్న మాట ఇక్కడ చెంబులోనూ ఉంది, కుండలోనూ ఉంది.

"లెక్క వినండి" అంటూ ఆయన వేళ్లు మడుస్తారు. ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయ్యుంగ్. రెండో వేలు దగ్గరికి వచ్చేసరికి మన ఒళ్లు జలదరిస్తుంది. భాషాశాస్త్రవేత్తలు తెలుగునీ గోండినీ ద్రావిడంలో ఒకే శాఖలో పెడతారని చదివాం. అదే చుట్టరికం అరుగు మీద కూర్చుని వింటే వేరుగా ఉంటుంది.

"నా గొంతు ఎక్కడికి పోతుంది?" అని అవ్వ అడుగుతుంది. పొద్దున ఒకసారి అడిగింది, మళ్లీ అడుగుతోంది. గురూజీ విసుక్కోకుండా మళ్లీ చెబుతారు: హైదరాబాద్ పోతుంది, అక్కడి పిల్లలు కంప్యూటరుకి గోండి నేర్పిస్తున్నారు, నువ్వు వద్దంటే తీసేస్తారు. అవ్వ ఒప్పుకున్న మాట కూడా రికార్డు చేసి పెడతాం. అన్ని ఫైళ్లకన్నా ముందు ఉండాల్సిన ఫైలు అదే.

2011 జనాభా లెక్కల్లో దాదాపు 30 లక్షల మంది తమ భాష గోండి అన్నారు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో దానికి చోటు లేదు. యంత్రాలకి మేతగా పెడదామంటే, రాసిపెట్టి ఉన్న గోండి చాలా తక్కువ. 2021లో వచ్చిన సమానంతర్ అనే జంట వాక్యాల సేకరణలో ఒక్క హిందీ-ఇంగ్లీషు జతలే 80 లక్షలకు పైగా ఉన్నాయి. గోండి మీద పనిచేసిన బృందం 2020లో ప్రకటించిన లెక్క: 12,000కి కాస్త తక్కువ మాటలు, వాక్యాలు. అయితే దాని పక్కనే ఇంకో అంకె ఉంది, మళ్లీ సాయం అడగదగిన 650 మందికి పైగా గోండు మనుషులు. నాకు ఆ రెండో అంకె మీదే మక్కువ.

బస్తర్‌లో గొంతుల్ని ఇలా పోగుచేసే దారి ఫోనే చూపించింది. శుభ్రాంశు చౌధరి 2010లో మొదలుపెట్టిన సీజీనెట్ స్వర అనే ఫోన్ వార్తల వేదికకి ఇంటర్నెట్ ఉన్న ఫోను అక్కర్లేదు. నంబరుకి కాల్ చేసి ఒకటి నొక్కితే చెప్పుకోవచ్చు, రెండు నొక్కితే వినొచ్చు. చదువు రాని మనిషి కూడా తన భాషలో వార్త చెప్పగలిగాడు. ఆ చుట్టూ చేరినవాళ్లే వేర్వేరు రాష్ట్రాల గోండులని ఒకచోట కూర్చోబెట్టి, 2014 నుంచి 2018 దాకా నిఘంటువు పని నడిపారు. ఇప్పుడు కేంద్రం 2025 సెప్టెంబరులో తెచ్చిన ఆది వాణి అనువాద యాప్‌లో గోండి ఉంది. ఢిల్లీ ఐఐటీ ముందుండి నడిపిన ఆ పనిలో మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీకీ చెయ్యి ఉంది.

మా ల్యాబులో జరిగినదొకటి చెప్పాలి. పోయినేడు మాలో ఒకరు హైదరాబాద్‌లో కూర్చుని షీటులో గోండి కాలమ్‌ని ఒక్కదాన్నే అక్షరక్రమంలో సర్దారు. పక్క కాలమ్‌లు కదల్లేదు. వర్షం గురించిన హిందీ వాక్యం ఎదుట పెళ్లి మాట వచ్చి కూర్చుంది. మాలో ఎవరికీ గోండి రాదు గనక నాలుగు రోజులు మాకు తెలియలేదు. తెలిసింది గురూజీకి, మొదటిరోజే. అక్కడో కామెంటు పెడదామంటే కుదరలేదు. ఆయన ఖాతాకి మేం ఇచ్చింది 'చూడటానికి మాత్రమే' అనుమతి. సిగ్నల్ అందే గుట్ట ఎక్కి ఫోన్ చేస్తే, మీటింగులో ఉన్నామని మేమే ఎత్తలేదు.

షీటు పాత రూపాలన్నీ దాచి ఉంచుతుంది కాబట్టి వెనక్కి వెళ్లగలిగాం. ఆ నాలుగు రోజుల్లో ఎక్కించిన కొత్త వరుసలని మాత్రం గురూజీ ఒక్కొక్కటే చదివి వాటి చోట పెట్టారు. అప్పటినుంచి ప్రతి వాక్యానికీ నంబరుంది, ప్రతి ఆడియో ఫైలు పేరులోనూ అదే నంబరుంది. ప్రోగ్రాములన్నీ గిట్‌లో పదిలంగా ఉంచుకుని, ఎవరు ఏ అక్షరం మార్చారో కనిపెట్టే మేం, భాష ఎవరిదో ఆ మనిషికి కలం ఇవ్వలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఇప్పుడాయనకి మార్చే హక్కుంది. ఆయన సరే అనకుండా ఏ వాక్యమూ ముందుకి పోదు.

ఎండ వాకిలి నిండింది. అవ్వ తన గొంతు వినిపించమంది. చెవి దగ్గర పెట్టుకుని విని, చెయ్యి అడ్డంగా ఊపింది. ఒక మాట తప్పు పలికిందట. చెరిపేసి మళ్లీ చెప్పింది. ఈసారి కోడి కూయలేదు.

మధ్యాహ్నం గురూజీతో గుట్ట ఎక్కుతున్నాం. ఆయన భుజాన నీళ్ల సీసా. పైన ఒక బండ దగ్గర ఫోనులో రెండు గీతలు వెలుగుతాయి. ఒక్కొక్క ఫైలే ఎక్కుతోంది. ఆరోది పోతుండగా షీటులో హైదరాబాద్ నుంచి కామెంటు వచ్చి పడుతుంది: "217లో ఏర్ అంటే నీళ్లు అని ఉంది. ఏరు కదా? ఒకసారి చూడండి."

గురూజీ నవ్వుతారు. సీసా ఎత్తి పట్టుకుని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతారు. తర్వాత షీటుకి వచ్చి, 217వ వరుస ఐదో కాలమ్‌లో తన పేరు రాస్తారు.