బడికి ఆలస్యంగా వచ్చినవాడు

బి.ఎడ్. టీచింగ్ ప్రాక్టీసులో మా పాఠాలకు మార్కులేసే కాగితం మీద ‘తరగతి అదుపు’ అని ఒక గడి ఉండేది. పాఠం ఎట్లా చెప్పినా సరే, పరిశీలకుడు వెనక కూచున్నంతసేపు పిల్లలు కిక్కురుమనకపోతే ఆ గడి నిండేది. మా బ్యాచీలో అందరికీ ఆ గడంటేనే భయం. నన్ను పంపిన బడిలో ఒక పాతసారు మొదటిరోజే ఉపాయం చెప్పాడు: “తమ్మీ, వాడ పిల్లల్ని వెనక కూచోబెట్టు. లేటుగా వచ్చేది వాళ్ళే, అల్లరి చేసేదీ వాళ్ళే. ఇద్దరికి తగిలిస్తే క్లాసంతా సల్లబడ్తది.” నేనూ వాడ పిల్లగాడినేనని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ ఉపాయం ఆయన సొంతం కాదు. చాలా పాతది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరు, ఏయే కులాలవాళ్ళని కలెక్టర్లను లెక్కలడిగాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో జవాబు పంపాడు. ఇప్పటి అనంతపురం కూడా ఆనాడు బళ్ళారి జిల్లాలోదే. అక్కడ అన్ని రకాల బడులూ కలిపి 533 అని లెక్క తేల్చాడు. లెక్కతో ఆగకుండా బడి నడిచే తీరు కూడా రాశాడు. పొద్దున అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న. వాడికి మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అట్లా వెనకొచ్చిన ప్రతివాడికీ ఒక్కొక్క దెబ్బ పెరుగుతూ పోతుంది. సోమరులకు వేరే శిక్షలున్నాయి: బెత్తం దెబ్బలు, రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం, ఎడతెగకుండా గుంజీలు తీయించడం. వేలాడదీయడాన్నే మనవాళ్ళు కోదండం అన్నారు. గుంజీలు ఒంటికి మంచివే కాబోలని కలెక్టరుదొర ఒక ముక్క కూడా కలిపాడు!

ఈ వర్ణనను వీధిబడి ముచ్చటగా చెప్పుకునేవాళ్ళున్నారు. మనం అడగవలసింది వేరే. తెల్లవారగానే బడిలో ఉండగలిగేది ఎవరు? పశువుల కొట్టం ఊడ్చే పని, నీళ్ళు మోసే పని, చెల్లెల్ని ఎత్తుకునే పని లేనివాడు. పొద్దున్నే పని ఉన్నవాడు పదోవాడుగానో ఇరవయ్యోవాడుగానో వస్తాడు. వాడి అరచెయ్యి దెబ్బలకే. నోరు విప్పకముందే వాడు తప్పుచేసినవాడు. మన్రో అడిగిన పట్టికలో బ్రాహ్మలు, వైశ్యులు, శూద్రులు, ఆ తర్వాత ‘ఇతర కులాలన్నీ’ అని ఒక గడి. మన తాతలు ఆ గడిలో ఉన్నారో, బడి అరుగు కిందే ఉండిపోయారో ఆ అంకె చెప్పదు.

‘అదుపు’కు ఇంకొక పాయ ఉంది. 1789లో మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథపిల్లల ఆశ్రమానికి అధికారిగా వచ్చిన ఆండ్రూ బెల్, మన వీధిబడి పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూశాడు. పెద్దపిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించే పద్ధతి పెట్టి, దాన్ని ఇంగ్లండుకు తీసుకుపోయి ‘మద్రాసు పద్ధతి’ అన్నాడు. తప్పులు రాసుకునే ఒక నల్లపుస్తకం కూడా పెట్టాడు. క్లాసులీడరు బోర్డు మీద ‘మాట్లాడినవాళ్ళు’ అని పేర్లు రాస్తాడు చూడండి, దాని పూర్వీకుడు ఆ పుస్తకమేనని నాకు అనిపిస్తుంది. ఆ బోర్డు మీద నా పేరు చాలాసార్లు చూసుకున్నాను.

1856లో మద్రాసులో నార్మల్ స్కూలు మొదలైంది. సైదాపేట టీచర్స్ కాలేజీ దాని నుంచే వచ్చింది. పంతులుకు శిక్షణ కావాలని సర్కారు ఒప్పుకుంది గాని, ఆ పంతుళ్ళు వాడకు రాలేదు. 1893లో పంచమ విద్య మీద మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు తెచ్చాకే వాడలకు ప్రత్యేక బడులు, వాటికి పంతుళ్ళ తయారీ సర్కారు పనిగా మారాయి. మిషన్లు అప్పటికే ఆ పనిలో ఉన్నాయి. మన జాషువా గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పనిచేశాడు. కవిగా ఆయన్ని తలుచుకుంటాం, పంతుళ్ళను తయారుచేసినవాడిగా తలుచుకోం. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజారు, లింగంపల్లిలలో బడులు తెరిచాడు. ఆ బడుల్లో బెత్తం లేదని నేననను. కానీ క్లాసంతా మన పిల్లలే ఉన్నచోట అల్లరికి కులం అంటగట్టడం కుదరదు. వెనకబెంచీ ఉన్నా అది వాడ బెంచీ కాదు.

మళ్ళీ నా క్లాసుకొస్తాను. పరిశీలకుడు వచ్చిన రోజు, పాఠం మొదలైన పావుగంటకు ఒక పిల్లవాడు గుమ్మంలో నిలబడ్డాడు. వెనక వరస నవ్వింది. ఆ కాగితమే నా కళ్ళముందు మెదిలింది. ఇరవై గుంజీలు తీయమన్నాను. తీశాడు, గట్టిగా లెక్కపెడుతూ తీశాడు. క్లాసు సల్లబడింది.

మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది. గొడవకు వచ్చిందనుకున్నాను. “కొట్టుండ్రి సారూ, సంపినా ఏమనను. సదువు రావాలె” అంది. తెల్లారకముందే తను కూలికి పోతే, చిన్నదానికి ఇంత అన్నం పెట్టి, అవ్వ దగ్గర దింపి వాడు వస్తాడట. ఆ మాట తప్పుచెప్పుకుంటున్నట్టు చెప్పింది. దెబ్బలే చదువుకు కట్టవలసిన వెల అని ఆమెకు నేర్పింది ఎవరు? మా అమ్మా నా పంతుళ్ళతో అదే మాట అంది.

విద్యాహక్కు చట్టం వచ్చింది 2009లో. దాని 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మనసుకు హింస పెట్టడాన్నీ నిషేధించింది. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళయి, బడిలో ఉండే కాలం పెరిగింది. ఇవి మంచివే. అయితే బెత్తం పోయినచోట కూడా వెనక కూచోబెట్టడం, పేరుకు బదులు వాడను బట్టి పిలవడం చెయ్యెత్తకుండానే సాగుతాయి. వాటిని ఏ రిజిస్టరూ ఎక్కించదు.

తర్వాత పాఠాలకు మొదటి పది నిమిషాలు కొత్తది చెప్పకుండా నిన్నటిదే పిల్లలచేత చెప్పించాను, వాడు అందుకునేదాకా. గోల పెరిగింది. పాతసారు కిటికీలోంచి రెండుసార్లు తొంగిచూశాడు. చివరి పాఠానికి ఆ గడిలో నాకు పడ్డవి సగం మార్కులే. గుంజీల రోజు మాత్రం పూర్తిగా వేశారు.