అడుగు మట్టి చెప్పే సాక్ష్యం



చెరువు నీరు తేటగా కనబడితే చెరువు బాగున్నదని మనం అనుకుంటాము. కాని కర్మాగారాల నుండి వచ్చే పాదరసం, కాడ్మియం, సీసం వంటి లోహాలలో అధిక భాగం నీటిలో నిలువదు. సన్నని మట్టి రేణువులకు అంటుకొని అడుగుకు చేరుతుంది. నీరు పారిపోతుంది, మట్టి మిగిలిపోతుంది. ఆ మట్టిని ప్రశ్నించడం మానవుడు ఎలా నేర్చుకొన్నాడో ఈరోజు మీకు చెప్పదలచాను.

జపాన్ దేశపు క్యూషూ దీవిలో మినమాట అనే సముద్రతీరపు పట్టణం ఉన్నది. అక్కడ చిస్సో కంపెనీ 1932 నుండి పాదరసాన్ని ఉత్ప్రేరకంగా వాడి ఎసిటాల్డిహైడ్ తయారుచేస్తూ, వ్యర్థజలాన్ని సముద్రంలోకి వదిలేది. 1956 మే 1న ఆ కంపెనీ ఆసుపత్రి అధిపతి డాక్టర్ హజిమె హొసొకావా, కారణం తెలియని నాడీవ్యాధి వ్యాపిస్తున్నదని ఆరోగ్య కేంద్రానికి తెలియజేశారు. చేపలు తిన్న పిల్లులు అప్పటికే తూలిపడి మరణిస్తుండేవి. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనికి సేంద్రియ పాదరసం కారణమని చెప్పారు. వ్యర్థజలాల కాలువ దగ్గరి బురదలో టన్నుకు సుమారు 2 కిలోల పాదరసం బయటపడింది. అదే సంవత్సరం హొసొకావా కర్మాగారపు వ్యర్థజలాన్ని ఆహారంలో కలిపి, 400వ సంఖ్య గల పిల్లికి పెట్టారు. దానికీ అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ ఫలితాన్ని బయటకు రానీయలేదు. 1968 వరకు వ్యర్థాలు పారుతూనే ఉన్నాయి. 1970లో హొసొకావా ఆసుపత్రి మంచం మీద నుండే న్యాయస్థానానికి సాక్ష్యమిచ్చి, ఆ ఏడాదే కన్నుమూశారు.

పిల్లులూ మనుషులూ పడిపోయిన తరువాత కాక, ముందుగానే బురదను అడిగి తెలుసుకొనే మార్గం లేదా?

ఈ ప్రశ్నకు ఒక సమాధానం అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో లభించింది. టకోమా నగరపు కమెన్స్‌మెంట్ అఖాతం లోహాలను కరిగించే కర్మాగారం వల్లా, ఇతర పరిశ్రమల వల్లా కలుషితమైనది. పర్యావరణ పరిరక్షణ సంస్థకు చెందిన రిచర్డ్ స్వార్ట్జ్, ఆయన సహచరులు రొయ్యకు దూరపు బంధువైన యాంఫిపాడ్ అనే చిన్న జీవిని ఎన్నుకొన్నారు. అది మట్టిలో దూరి బ్రతుకుతుంది కాబట్టి మట్టి విషం నుండి తప్పించుకోలేదు. 1985లో వారు వివరించిన పద్ధతి సరళమైనది. లీటరు బీకరు అడుగున 2 సెంటీమీటర్ల మందాన అనుమానిత మట్టి పరచి, పైన శుభ్రమైన సముద్రజలం పోసి, 20 యాంఫిపాడ్‌లను వదలుతారు. 10 రోజుల తరువాత బ్రతికినవాటిని లెక్కిస్తారు. పక్కనే శుభ్రమైన మట్టితో మరికొన్ని బీకర్లు ఉంటాయి. వాటిలో సగటున 90 శాతం బ్రతకకపోతే ఆ పరీక్ష చెల్లదు.

రసాయన విశ్లేషణ ఒక్కటే చాలదా అని మీరు అడగవచ్చు. చాలదు. ఒకే మోతాదు కాడ్మియం ఒక మట్టిలో ప్రాణాలు తీస్తుంది, మరొక మట్టిలో ఏమీ చేయదు. మట్టిలోని సల్ఫైడ్‌లు లోహాన్ని బంధించి ఉంచడమే ఇందుకు కారణమని 1990లో డొమినిక్ డి టోరో బృందం చూపింది. మన రక్తంలోనూ ఆల్బుమిన్‌కు అంటుకొన్న కాల్షియం పనిచేయదు, విడిగా ఉన్నదే పనిచేస్తుంది. ఇదీ అటువంటిదే.

అందుకే 1985లో ఎడ్వర్డ్ లాంగ్, పీటర్ చాప్‌మన్ మూడు ఆధారాలు కలిపి చూడాలన్నారు. మట్టిలో ఏ రసాయనాలున్నాయి? ఆ మట్టి ప్రయోగశాలలో జీవులను చంపుతున్నదా? అసలు చోట అడుగున ఏ జీవులు మిగిలాయి? రక్తపరీక్ష, రోగి శరీరపరీక్ష, రోగి చెప్పిన చరిత్ర మూడూ కలిస్తేనే వైద్యుడు రోగనిర్ణయం చేస్తాడు కదా! 1994 నాటికి మంచినీటి మట్టికి కూడా ఇటువంటి పద్ధతులు ప్రమాణీకరించబడ్డాయి. దోమను పోలి, కుట్టని కైరోనమస్ కీటకపు ఎర్రని పురుగులను అందులో వాడతారు.

ఒక హెచ్చరిక. 10 రోజుల పరీక్షలో జీవులు బ్రతికాయంటే అక్కడి చేప తినదగినదని అర్థం కాదు. మినమాటలో పాదరసం ఆహార గొలుసులో ఒక్కొక్క మెట్టు ఎక్కుతూ పేరుకొన్నది. దానిని కనిపెట్టడానికి వేరే పరీక్ష ఉన్నది. నీటివానపాములను 28 రోజులు ఆ మట్టిలో ఉంచి, వాటి శరీరంలో ఎంత విషం చేరిందో కొలుస్తారు.

మినమాట అఖాతపు బురదను తవ్వి, కొంత భాగాన్ని పూడ్చి శుభ్రపరచే పని 1977 నుండి 1990 వరకు సాగింది. అఖాతపు చేపలు సురక్షితమని 1997లో మాత్రమే ప్రకటించగలిగారు. విషం వదలడం సులభం, తీయడం ఒక తరం పని.

మన హుస్సేన్ సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా దశాబ్దాల పాటు పారిశ్రామిక వ్యర్థాలను మోసుకొచ్చింది. కాబట్టి మీ ఊరి చెరువులో పూడిక తీసి పొలాలకు తోలేటప్పుడు, ఎగువన కర్మాగారాలుంటే, నీటి నివేదికతో తృప్తిపడకండి. మట్టిని పరీక్షించారా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న మీ పిల్లల ఆరోగ్యానికి రక్ష.