నాలుగు చుక్కల మీద వ్యాఖ్య

మూలం:

జీ జీ ఏ సీ యూ యూ సీ జీ జీ యూ సీ సీ
((((....))))

పై వరుస పన్నెండు అక్షరాల ఆర్‌ఎన్‌ఏ, కింది వరుస దాని మడత. చియాంగ్, వరానీ, టినోకో 1990లో ఎన్‌ఎంఆర్‌తో దీని ఆకృతి తేల్చారు.

బ్రాకెట్లు — తెరిచిన ప్రతిదానికీ మూసేది జత. మొదటి జీకి చివరి సీ, మూడో స్థానంలోని ఏకి పదో స్థానంలోని యూ. 1994లో వచ్చిన వియన్నా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ వాడుకలోకి తెచ్చిన రాత ఇది.

లెక్క — ఆ ప్యాకేజీలోని ఆర్‌ఎన్‌ఏఫోల్డ్, సాధ్యమైన మడతల్లో శక్తి అతి తక్కువగా ఉన్నదాన్ని ఎంచుతుంది. దారి వేసింది 1981లో జుకర్, స్టీగ్లర్. ఒక్కో జత ఏర్పడే సంభావ్యతను లెక్కగట్టే పద్ధతి 1990లో మెకాస్కిల్ ఇచ్చాడు. ఆ సంభావ్యతల్ని రంగుల్లో చూడకుండా మడత బొమ్మను నమ్మకూడదు.

నాలుగు చుక్కలు — జత లేని అక్షరాలని అర్థం. నిజానికి వీటిలో మొదటి యూ, చివరి జీ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి. జీ తలకిందులైనట్టు తిరిగి మామూలుకు భిన్నమైన జత కట్టింది. మడత కొసన జత లేకుండా మిగిలే లూప్‌లో కనీసం మూడు అక్షరాలుండాలన్నది ప్రోగ్రాం నియమం. ఆ రెండూ కలిస్తే మధ్యలో మిగిలేవి రెండే, కాబట్టి ఈ జత దాని కంటపడదు. అయినా ఈ మడత ఎంత గట్టిదో సరిగానే చెబుతుంది: ప్రయోగాల్లో కొలిచిన విలువ దాని పట్టికలో ముందే ఉంది. గట్టిదనం తెలుసు, కారణం తెలియదు!

ఇలాంటి జతల మీదే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో అభిజిత్ మిత్రా, కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్‌లో ధనంజయ్ భట్టాచార్య కలిసి పనిచేశారు. వారి బీపీఫైండ్ ప్రోగ్రాం త్రిమితీయ నిర్మాణంలో హైడ్రోజన్ బంధాలు వెదికి జతలు పడుతుంది. ఆ జతల రూపాన్నీ స్థిరత్వాన్నీ వివరించే డేటాబేస్ 2015లో వచ్చింది. బొమ్మలు గీయడం నేర్పే ముందు మన కాలేజీల్లో ఈ పని చూపిస్తే మేలు.

బొమ్మ — వార్నా (2009), ఫోర్నా (2015) అనే ప్రోగ్రాంలు గీసిపెడతాయి. గీతలు ఒకదానిపై ఒకటి పడకుండా సర్దుతాయి గనుక కాగితం మీది దూరం అణువులోని దూరం కాదు. భిన్నమైన జతలకు లియోంటిస్–వెస్టాఫ్ గుర్తులు వార్నాలో ఉన్నాయి, కానీ వాటిని మనమే ఇవ్వాలి.

మూలంలో లేనిది: [ ] — లూప్ అక్షరాలు బయటివాటితో జతకడితే సూడోనాట్. దానికి రెండో రకం బ్రాకెట్టు కావాలి. కరోనా వైరస్ రైబోజోమ్‌ను ఒక అక్షరం వెనక్కి జార్చేది అలాంటి ముడితోనే; ఆర్‌ఎన్‌ఏఫోల్డ్ దాన్ని అసలు వెదకదు.