మ్యూట్‌లో అరగంట

రెండేళ్ల కిందటి మాట. గురువారం రాత్రి తొమ్మిదిన్నర, రిలీజ్ కాల్. నేను హైదరాబాద్‌లో ఇంట్లో, టీమ్‌లో ముగ్గురు ఆఫీసులో, మిగతావాళ్లు అమెరికాలో. చివర్లో మేనేజర్ అడిగాడు, "ఎవరికైనా అభ్యంతరాలున్నాయా?" అని. ఎవరూ మాట్లాడలేదు. సరిగ్గా అప్పుడే నా చాట్ విండోలో, టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మెసేజ్: "అన్నా, రోల్‌బ్యాక్ టెస్ట్ చెయ్యలేదు కదా మనం?" చెయ్యలేదు. నాకూ తెలుసు. "చూద్దాంలే" అని టైప్ చేసి, మ్యూట్ తియ్యకుండానే కాల్ నుంచి బయటికొచ్చేశాను. ఆ శనివారం ఏం జరిగిందో వివరంగా చెప్పక్కర్లేదు. ఎవరి ప్రాణాలూ పోలేదు, నిద్రలు పోయాయంతే.

తర్వాత జరిగిన మీటింగులో "ఓపెన్ కమ్యూనికేషన్" అన్న మాట ఓ ఇరవైసార్లు వినబడింది. ఇకనుంచి అందరూ స్వేచ్ఛగా మాట్లాడాలని తీర్మానం. నాకది మింగుడుపడలేదు. మమ్మల్ని మాట్లాడొద్దని ఎవరన్నారు? అడిగారు కూడా కదా!

ఆ చిరాకులో ఉన్నప్పుడే డయేన్ వాన్ అనే సోషియాలజిస్టు 1996లో ప్రచురించిన 'ద ఛాలెంజర్ లాంచ్ డెసిషన్' చదివాను. ఛాలెంజర్ కథ ఇంజినీరింగ్ చదివినవాళ్లకి కొత్తేం కాదు: చలి, రబ్బరు ఓ-రింగు, దాన్ని మంచునీళ్ల గ్లాసులో ముంచి చూపించిన ఫైన్‌మన్. నేను పట్టించుకోనిది ఒకటుంది. ముందురోజు రాత్రి ఆ నిర్ణయం జరిగింది ఒక కాన్ఫరెన్స్ కాల్‌లో.

1986 జనవరి 27. మూడు చోట్ల, మొత్తం 34 మంది. యూటాలో రాకెట్ బూస్టర్లు తయారుచేసే మోర్టన్ థయోకాల్ కంపెనీ. అలబామాలోని హంట్స్‌విల్‌లో ఆ బూస్టర్ల బాధ్యత చూసే నాసా మార్షల్ కేంద్రం. ఫ్లోరిడాలో షటిల్ ఎగరాల్సిన కెనెడీ కేంద్రం. ఒకచోటివాళ్లు ఇంకోచోటివాళ్లకి కనబడరు, గొంతులే. చేత్తో రాసిన 13 ఛార్టుల్ని యూటా నుంచి ఫ్యాక్స్‌లో పంపించారు.

థయోకాల్ ఇంజినీర్లు రోజర్ బోజొలే, ఆర్నీ థాంప్సన్ వాదన సూటిగానే ఉంది. బూస్టర్ ముక్కల మధ్య అతుకుల్ని మూసేది ఈ రబ్బరు రింగులే. చలికి రబ్బరు గట్టిపడుతుంది, సందు మూసుకోవడం ఆలస్యమవుతుంది. 1985 జనవరిలో, 53 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఎగిరిన షటిల్ అతుకుల్లో, రింగు దాటి వచ్చిన మసి బాగా కనిపించింది. కాబట్టి 53 కంటే తక్కువలో ఎగరెయ్యొద్దు. నాసా తరఫున లారీ మలోయ్ గుచ్చి గుచ్చి అడిగాడు. ఇంకోసారి 75 డిగ్రీల్లో కూడా వాయువు రింగు దాటింది కదా, మరి చలికీ దీనికీ సంబంధం ఎక్కడ? న్యాయమైన ప్రశ్నే. బోజొలే దగ్గర అంకెల్లో జవాబు లేదు, చలి పరిస్థితిని ఇంకా చెడగొడుతుందన్న ఖాయమైన అభిప్రాయం ఉంది. హంట్స్‌విల్ నుంచి జార్జ్ హార్డీ ఈ సిఫార్సు వినీ నివ్వెరపోయానన్నాడు, అయినా కాంట్రాక్టరు వద్దంటే తను ముందుకెళ్లనని కూడా అన్నాడు. రెండో సగం మనం తరచుగా మర్చిపోతాం.

అప్పుడు థయోకాల్ వైస్ ప్రెసిడెంట్ జో కిల్మిన్‌స్టర్ ఒక అయిదు నిమిషాలు లైన్ ఆపుతామన్నాడు. అది దాదాపు అరగంటైంది.

మ్యూట్ నొక్కే ముందు ఒక చిన్న సంగతి జరిగింది. థయోకాల్ మనిషి అలన్ మక్‌డొనాల్డ్ ఆ రాత్రి ఫ్లోరిడాలో నాసావాళ్లతో కూర్చున్నాడు, ప్రయోగం వద్దనే పక్షం. హార్డీ రెండో రింగు గురించి అన్న మాటని కూడా లెక్కలోకి తీసుకోండి అని తనవాళ్లకి చెప్పాడు. రెండు రింగుల మీదా చలి ప్రభావం చూడమని అతని ఉద్దేశం. మలోయ్‌కి మాత్రం అది ప్రయోగానికి అనుకూలంగా వచ్చిన మాటలా వినబడింది. తర్వాత విచారణలో అలాగే చెప్పాడు. ఎదురుగా ఉంటే మొహం చూసైనా "ఏమంటున్నావు నువ్వు?" అని అడిగేవాళ్లేమో.

యూటా గదిలో థాంప్సన్ లేచి బాసుల బల్ల దగ్గరికెళ్లి అతుకు బొమ్మ గీసి మళ్లీ వివరించాడు. బోజొలే మసి ఫొటోలు తెచ్చి ముందు పెట్టాడు. వినేవాళ్లు లేరని అర్థమయ్యాక ఇద్దరూ వెళ్లి కూర్చున్నారు. పెద్దాయన జెరాల్డ్ మేసన్, ఇంజినీరింగ్ వైస్ ప్రెసిడెంట్ బాబ్ లండ్‌ని ఇంజినీర్ టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకోమన్నాడు. ఓటు అడిగింది నలుగురు మేనేజర్లని. ఇంజినీర్లని అడగలేదు.

ఎడ్వర్డ్ టఫ్టే అయితే ఆ ఛార్టులు సరిగ్గా గీసుంటే చాలన్నట్టు రాశాడు. స్లైడ్లు దిద్దుకుంటూ బతికే నాకు ఆ వాదన నచ్చాలి గానీ, ఎందుకో నచ్చలేదు. ఆ ఫొటోలు బల్లమీద పడింది లైన్ ఆగి ఉన్నప్పుడు. ఫ్లోరిడావాళ్లకి అవి పడ్డ చప్పుడు కూడా తెలియదు.

లైన్ మళ్లీ కలిసింది. ఎగరెయ్యొచ్చని కిల్మిన్‌స్టర్ చదివాడు. మార్షల్ అధికారి స్టాన్లీ రైనార్ట్జ్ అందర్నీ అడిగాడు, ఎవరికైనా వేరే అభిప్రాయం ఉందా అని. మూడు ఊళ్లలోనూ నిశ్శబ్దం. బోజొలే ఆ గదిలోనే ఉన్నాడు. హంట్స్‌విల్‌లో బెన్ పవర్స్ అనే ఇంజినీరు థయోకాల్ ఇంజినీర్లదే సరైన మాటని నమ్మాడు, ఆ సంగతి తన పైవాళ్లకి చెప్పాడు కూడా. లైన్‌లో మాత్రం చెప్పలేదు. అక్కడ ఆగి పుస్తకం పక్కన పెట్టేశాను. పక్కవాడికి చెప్పడం, లైన్‌లో ఊరుకోవడం. నా చాట్ విండో ఇదే.

రైనార్ట్జ్ అడగలేదని అనలేం. అడిగాడు. కానీ నిర్ణయం చదివేశాక, బాసులందరూ వింటుండగా, 34 మందిని కలిపి ఒక్కసారి అడిగాడు. గదిలో అయితే తల అడ్డంగా ఊపినవాడు కనబడతాడు, బల్ల దగ్గర్నుంచి లేచిపోయి కూర్చున్న ఇద్దరూ కనబడతారు. లైన్‌లో అభ్యంతరానికీ ఒప్పుకోలుకీ ఒకటే చప్పుడు. నాసావాళ్లని విలన్లని చెయ్యదు డయేన్ వాన్. రూల్స్ తప్పడం కాదు, రూల్స్ పాటిస్తూనే అక్కడిదాకా వచ్చారంటుంది. మొదట్లో ఇది నాకు తప్పించుకునే వాదనలా అనిపించింది, ఇప్పుడలా అనిపించడం లేదు.

హార్డీ ఆ సిఫార్సుని సంతకంతో పంపమన్నాడు. మక్‌డొనాల్డ్ నేను పెట్టనన్నాడు. కిల్మిన్‌స్టర్ సంతకం చేసి ఫ్యాక్స్ పంపాడు. కాల్ అయ్యాక కూడా మక్‌డొనాల్డ్ వాదించాడు, ఏదైనా జరిగితే విచారణ బోర్డు ముందు నిలబడే మనిషి తను కాకూడదనుకుంటున్నానన్నాడు. ఇంత వాదన జరిగిందని నాసా పైస్థాయివాళ్లకి చేరలేదు. తెల్లారి 11:38కి, 36 డిగ్రీల చలిలో ఛాలెంజర్ లేచింది. 73 సెకన్లు. ఏడుగురు.

పదిహేడేళ్ల తర్వాత కొలంబియా. కల్పనా చావ్లా కోసం మా స్కూల్ అసెంబ్లీలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. ఆ షటిల్ ఇంకా కక్ష్యలో ఉండగానే, రెక్కకి తగిలిన దెబ్బని ఫొటోలు తీయించాలని రాడ్నీ రోచా అనే నాసా ఇంజినీరు పట్టుబట్టాడు. కుదరదన్నారు. ఇది తప్పని గట్టిగా ఒక ఈమెయిల్ రాశాడు. ప్రింట్ తీసి సహోద్యోగికి చూపించాడు. పైకి మాత్రం పంపలేదు.

ఇప్పుడు మా కాల్స్‌లో రిలీజ్ గురించి నేనొక్కొక్కర్నీ పేరు పెట్టి అడుగుతున్నాను, కొత్తవాళ్ల నుంచి మొదలుపెట్టి. ఈ టీచర్ వేషాలేంటని కొందరికి చిరాకు. పోయిన నెల టీ తాగుతూ ఆ అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. "మరి మ్యూట్‌లో ఉన్న ఆ అరగంటలో అవతలివాళ్లు ఏమనుకుని ఉంటారన్నా?" అంది. తెలీదన్నాను. ఆ అరగంట గురించి మనకి తెలిసిందంతా, ఆ గదిలో ఉన్నవాళ్లు తర్వాత చెప్పిందే.