దర్జీ కూర్చున్న పీట

కుట్టుయంత్రం చరిత్ర వ్రాసినవారు సూదిని గురించి ఎంతో చెప్పారు; దారపు కండెను గురించి, పేటెంటు తగాదాలను గురించి కూడా చెప్పారు. కాని కుట్టేవారు దేనిమీద కూర్చుని కుట్టారన్న ప్రశ్న వారికి అంతగా పట్టలేదు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలో ఏ దర్జీ దుకాణం ముందు నిలబడి చూసినా ఈ ఉపేక్ష కనిపిస్తుంది. యంత్రానికి వేళకు నూనె పడుతుంది. తోలుపట్టా వదులైతే ఆ పూటే బిగిస్తారు. స్టూలు మాత్రం ఒక కాలు కుంటుతూనో, చెక్కపై పాతగుడ్డ మడతతోనో ఏళ్ళతరబడి అలాగే ఉంటుంది. రోజుకు ఎనిమిది పది గంటలు దర్జీ శరీరభారమంతా మోసేది మాత్రం ఆ స్టూలే.

యంత్రం రాకముందు ఈ పీట సమస్యే లేదు. దర్జీ నేలమీద బాసెంపట్టు వేసుకొని కూర్చునేవాడు. ఇది మన దేశపు అలవాటు మాత్రమే కాదు. ఐరోపాలో కూడా దర్జీలు కిటికీ వెలుతురు పడేచోట ఎత్తయిన బల్లపైకి ఎక్కి, కాళ్ళు మడిచి కూర్చుని కుట్టేవారు. అలా కూర్చుంటే గుడ్డ నేలకు తగిలి మాయదు; తొడలే పనిబల్ల అవుతాయి; చూపుకు పని దగ్గరవుతుంది. ఈ కూర్చునే తీరు వైద్యశాస్త్రపు పేర్లలోకి కూడా ప్రవేశించినది. తుంటి ఎముక ముందుకొన నుండి తొడకు అడ్డంగా దిగి మోకాలి లోపలి వైపుకు చేరే పొడవైన కండరానికి ‘సార్టోరియస్’ అని పేరు. లాటిన్ భాషలో ‘సార్టర్’ అనగా దర్జీ. మనిషి శరీరంలో అన్నిటికన్న పొడవైన కండరం ఇదే. కాలు మడిచి బాసెంపట్టు వేయడానికి తోడ్పడుతుంది. చిటికెన వేలి మొదట పాదం ప్రక్కన లేచే బొడిపెకు కూడా ఆంగ్ల వైద్యులు దర్జీ పేరే పెట్టారు. పాదపు అంచు గట్టి బల్లకు రోజంతా ఒరుసుకోవడమే అందుకు కారణమని వారి భావన.

ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దినో రమజ్జీనీ 1700లో వృత్తులవారి రోగాలపై ఒక గ్రంథం ప్రకటించాడు. రోగిని పరీక్షించే వైద్యుడు అతడు చేసే పని ఏమిటో కూడా అడిగి తెలుసుకోవాలన్నది అతని బోధ. కూర్చుని పనిచేసేవారిని గురించి ఆ గ్రంథంలో ఒక ప్రకరణమే ఉన్నది. దర్జీలకు మడిచిన కాలు తిమ్మిరెక్కడం, తుంటి నొప్పి రావడం, నడుము వంగిపోవడం ఆయన గమనించాడు. సెలవు రోజులలోనైనా శరీరానికి వ్యాయామం ఇవ్వవలెనని సలహా చెప్పాడు. కుట్టుయంత్రం పుట్టడానికి అప్పటికి ఇంకా నూరేళ్ళకు పైగా ఉన్నది. అంటే దర్జీ నడుమునొప్పి యంత్రంతో వచ్చినది కాదు.

ఇక్కడ ఉత్తరాంధ్రలోని మరొక వృత్తిని చూడాలి. శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్నని ఖద్దరుకు పేరు పొందినది. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకడం, దూది చేయడం, రాట్నంపై వడకడం అన్నీ నేలమీద కూర్చుని చేసే పనులే. నేతపని మాత్రం వేరు. మగ్గానికి చేతులతోపాటు కాళ్ళు కూడా కావాలి; కాలితో తొక్కితేనే పడుగు దారాలు విడిపోయి నాడె పోవడానికి దారి ఏర్పడుతుంది. బాసెంపట్టు వేసినవాడు తొక్కలేడు. అందుకు మన నేతగాళ్ళు కనుగొన్న ఉపాయం గుంటమగ్గం. నేలలో గుంట త్రవ్వి, గుంట అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దించి తొక్కుతారు. ఆసనాన్ని పైకి ఎత్తడానికి బదులు పాదాల క్రింది నేలను దించడమన్నమాట. ఈ ఏర్పాటులో నేలయే పీట. అది ఊగదు, విరగదు, ఖర్చు లేదు. అయితే గుంటను అవతలికి జరపలేము, వానాకాలంలో దానికి చెమ్మ తప్పదు. పని చేసేవారి కాలికి చోటు చూపించిన తరువాతనే పనిముట్టును అమర్చిన తెలివి ఇందులో ఉన్నది. ఆ తెలివి కుట్టుయంత్రం విషయంలో మొదటినుంచీ లోపించినదని చెప్పక తప్పదు.

యంత్రం పుట్టుక కథ చాలామంది విన్నదే. ఫ్రాన్సు దేశపు దర్జీ బార్తెలెమీ తిమోన్నియే 1830లో పేటెంటు పొంది, పారిస్‌లో సుమారు 80 యంత్రాలతో సైనికుల దుస్తులు కుట్టించాడు. తమ జీవనం పోతుందని భయపడిన దర్జీలు 1831లో వాటిని ధ్వంసం చేశారు. అమెరికాలో ఎలియాస్ హౌ 1846లో పొందిన పేటెంటులో సూది మొనలోనే కన్ను, గుడ్డ క్రింద రెండవ దారంతో ఆడే నాడె కనిపిస్తాయి. మగ్గపు నాడెకు ఇది చిన్న తమ్ముడు. 1851లో ఐజాక్ సింగర్ నిలువుసూది యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. గాంధీజీ 1924లో యంత్రాలను గురించిన ఒక సంభాషణలో సింగర్ కుట్టుయంత్రాన్ని తమ విమర్శ నుండి మినహాయించారు. భార్య కుట్టుపనితో పడే శ్రమ చూడలేక సింగర్ దానిని కల్పించాడన్నది వారు విన్న కథ. ఆ కథ హౌకే ఎక్కువ నప్పుతుంది. అతడు జబ్బుపడిన రోజులలో సంసారాన్ని ఆదుకున్నది భార్య కుట్టుపనే.

సింగర్ చేసిన ఒక చిన్న ఏర్పాటు మన పీట చరిత్రకు ముఖ్యం. యంత్రాన్ని పెట్టి పంపిన చెక్కపెట్టెనే అతడు బల్లగా నిలబెట్టి, దానికి కాలితో త్రొక్కే పలకను అమర్చాడు. అంతకు ముందు చాలా యంత్రాలను త్రిప్పడానికి చేయి కావలసి వచ్చేది. చేతియంత్రం నేలమీద పెట్టుకొని కుట్టవచ్చును. మన ఇళ్ళలో అది చాలాకాలం అలాగే నిలిచినది. అయితే కుడిచేయి పిడిని త్రిప్పుతుండగా గుడ్డను నడిపించడానికి ఎడమచేయి ఒక్కటే మిగులుతుంది. కాలిపలక రెండు చేతులనూ విడిపించినది. ఆ క్షణమే దర్జీ నేలనుండి లేచి ఎత్తయిన పీట ఎక్కవలసి వచ్చినది. 1856లో సింగర్ సంస్థ వాయిదాల పద్ధతి ప్రారంభించగా యంత్రం సామాన్యుల ఇళ్ళకు చేరినది. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో మన దేశంలో దాని అమ్మకాలను విస్తరింపజేసినవాడు పటేల్ అనే పార్శీ వర్తకుడు. 1893-1896 మధ్య బెజవాడనుండి కటకం వరకు తూర్పుతీరపు రైలుమార్గం తెరచిన తరువాత పోతయినుప కాళ్ళ వంటి బరువు సరుకు విజయనగరం, ఆమదాలవలస స్టేషన్లలో దిగడం సులభమైనది. 1930లలో కలకత్తాలో ‘ఉషా’ యంత్రాలు తయారై స్వదేశీ సరుకుగా బజారులోకి వచ్చాయి. యంత్రంతోపాటు ఇనుప చట్రం వచ్చినది, బల్ల వచ్చినది, నూనెడబ్బా కూడా వచ్చినది. కూర్చునే పీటను మాత్రం కొన్నవారే చూసుకోవాలి.

పీటకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? కాలిపలక పనిచేసే తీరులో దీనికి సమాధానం ఉన్నది. పలకను వ్రేళ్ళతో, మడమతో మార్చిమార్చి నొక్కితే అది త్రాసువలె ఊగుతుంది. ఒక కడ్డీ ఆ ఊపును పెద్ద చక్రానికి అందించి భ్రమణంగా మారుస్తుంది. కడ్డీ చక్రపు కేంద్రంతో ఒకే గీతలోకి వచ్చిన రెండు స్థానాలలో ఎంత నొక్కినా చక్రం తిరగదు. బరువైన చక్రం తన జడత్వంతో ఆ స్థానాలను దాటిపోతుంది కనుకనే కుట్టు ఆగదు. ఇక కుట్టేవారి సంగతి: నిలబడినప్పుడు గాని, కుర్చీలో మామూలుగా కూర్చున్నప్పుడు గాని పాదాలు నేలను తన్ని శరీరాన్ని కొంత నిలబెడతాయి. ఇక్కడ రెండు పాదాలూ ఊగే పలకపై ఉన్నాయి. రెండు చేతులూ గుడ్డపై ఉన్నాయి. శరీరాన్ని నిలబెట్టే పని మొత్తం పిరుదులది, పీటది. పైగా ప్రతి తొక్కుడుకూ పీటపై చిన్న ఎదురుతోపు పడుతుంది. రోజుకు అవి ఎన్ని వేలో లెక్కించి చూడవచ్చును. స్టూలు కీళ్ళు వదులు కావడానికి మనిషి బరువుకన్న ఈ ఆగని ఊపే ఎక్కువ కారణం.

మన ఇళ్ళలో వెనుక ముక్కాలి పీటలు ఉండేవి. మూడు బిందువులగుండా ఎప్పుడూ ఒకే తలం పోతుంది కనుక, పేడతో అలికిన ఎగుడుదిగుడు నేలపైన కూడా ముక్కాలి పీట కుంటదు. నాలుగు కాళ్ళ స్టూలుకు ఈ సుగుణం లేదు. అట్లని కుట్టుపనికి ముక్కాలి పీట మంచిదా? గుండ్రని పీట అంచునే కాళ్ళు ఉన్నాయనుకొని గీచి చూడండి. మూడు కాళ్ళను కలిపే త్రిభుజపు భుజం పీట కేంద్రానికి వ్యాసార్ధంలో సగం దూరంలోనే ఉంటుంది. నాలుగు కాళ్ళను కలిపే చతురస్రపు భుజం వ్యాసార్ధంలో 0.7 వంతు దూరంలో ఉంటుంది. కుట్టేవారు ప్రక్కకు వంగి కత్తెర అందుకున్నప్పుడు గరిమనాభినుండి దిగిన లంబరేఖ ఈ భుజాన్ని దాటితే పీట ఒరిగిపోతుంది. ముక్కాలి పీటకు ఆ ప్రమాదం ముందే వస్తుంది. సిమెంటు గచ్చుపై నాలుగు కాళ్ళదే మేలు. కాళ్ళు క్రిందికి పోనుపోను కొంచెం బయటికి వాలి, వాటిని నాలుగు వైపులా అడ్డకర్రలు కలిపి ఉండాలి. అడ్డకర్రలు లేని చట్రం దీర్ఘచతురస్రం వంటిది. ప్రక్కనుండి తోస్తే సులువుగా వాలిపోతుంది. కాలి చివర చెక్కిన నాలుక పీటచెక్క రంధ్రంలో బిగువుగా దిగాలి. వట్టి మేకులతో కొట్టిన స్టూలు ఏడాది తిరిగేసరికి కిర్రుమంటుంది. కర్ర విషయంలో ఈ ప్రాంతానికి లోటు లేదు. బొబ్బిలి వీణను మలిచే పనస, బండిచక్రాలకు వాడిన నల్లతుమ్మ, ఇంటి వాకిట వేప, ఏదైనా బాగా ఆరినదైతే చాలు.

అన్నిటికన్న చిక్కు ఎత్తుది. కుట్టుయంత్రపు బల్ల సుమారు 30 అంగుళాల ఎత్తు ఉంటుంది. అయిదడుగుల స్త్రీని ఉదాహరణగా తీసుకుందాం. ఆమె పాదం నేలపై ఆనగా మోకాలి వెనుక వంపు వరకు 15 అంగుళాలు, కూర్చున్నచోటినుండి మోచేతి వరకు 8 అంగుళాలు అనుకుందాం. 15 అంగుళాల పీటపై ఆమె మోచేయి నేలకు 23 అంగుళాల ఎత్తున ఉంటుంది. బల్ల దానికి 7 అంగుళాలు పైన ఉన్నది. రోజంతా భుజాలు ఎగదోసుకుని కుట్టాలి. సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. పోనీ 22 అంగుళాల పీట వేస్తే మోచేయి బల్లకు సరిపోతుంది గాని పాదం పలకను అందుకోదు. పీట అంచు తొడక్రింది రక్తనాళాలను నొక్కి కాలు తిమ్మిరెక్కుతుంది. ఈ రెంటికీ నడుమ దారి ఒకటి ఉన్నది. కాలిపలక నేలకు రెండుమూడు అంగుళాలు పైన ఉంటుంది కనుక పీటను 17, 18 అంగుళాలకు పెంచవచ్చును. అప్పుడు మోచేతికీ బల్లకూ తేడా 4 అంగుళాలకు తగ్గుతుంది. ఆ తేడా కొంత ఉండడమే మంచిది. సూదిని దగ్గరగా చూడవలసిన పని ఇది. బల్ల మరీ క్రిందికి పోతే మెడ వంగిపోతుంది. పీట ముందంచును గుండ్రంగా చెక్కితే తొడకు ఒత్తిడి తగ్గుతుంది. ఊరందరి కొలతలు తీసే దర్జీ మోకాలి కొలత తీసినవారు అరుదు. అమెరికాలో రూపొందిన చట్రపు ఎత్తే అందరికీ కొలత అయినది.

నడుము సంగతి శాస్త్రజ్ఞులు ఆలస్యంగా చేపట్టారు. స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాఖెమ్సన్ 1960లలో సజీవుల వెన్నుపూసల నడుమనున్న బిళ్ళలోకి సూది దించి పీడనాన్ని కొలిచాడు. నిలబడినప్పటి పీడనం 100 అనుకుంటే ఆనుడు లేకుండా కూర్చున్నప్పుడు 140 ఉంటుందని ఆయన లెక్క. ఇది చాలాకాలం పాఠ్యగ్రంథాలలో నిలిచినది. 1999లో జర్మనీలో విల్కే, ఆయన సహచరులు ఒక వ్యక్తిపై మరింత సున్నితమైన పరికరంతో కొలవగా, నిలబడినప్పుడు 0.50 మెగాపాస్కల్, ఊరక కూర్చున్నప్పుడు 0.46 వచ్చినది. అంటే కూర్చోవడమే దోషం అనలేము. అదే మనిషి కూర్చుని పూర్తిగా ముందుకు వంగినప్పుడు 0.83కు పెరిగినది, ఇది వాతావరణ పీడనానికి ఎనిమిది రెట్లు. కుట్టేవారు పగలంతా ముందుకు వంగియే ఉంటారు. డెన్మార్క్ శస్త్రవైద్యుడు మండల్ (పేరు విని బెంగాలీ అనుకోరాదు) 1970లలో పీటను కొద్దిగా ముందుకు వాల్చమన్నాడు. అలా చేస్తే తుంటివద్ద కోణం విప్పారుతుంది, నడుము తన సహజమైన వంపును కోల్పోదు. వెనుకకాళ్ళ క్రింద అరంగుళం చెక్క పెట్టి దీనిని ఎవరైనా పరీక్షించవచ్చును. కాని పీట జారుడుగా ఉండరాదు.

నేడు ఈ జిల్లాలనుండి వేలమంది స్త్రీలు అచ్యుతాపురం దుస్తుల కర్మాగారాలకు పనికి పోతున్నారు. అక్కడ యంత్రాన్ని విద్యుత్తు నడుపుతుంది. పాదం వేగాన్ని మాత్రమే ఆజ్ఞాపిస్తుంది. తొక్కుడు శ్రమ పోయినది గాని, కదలిక కూడా పోయినది. పలక తొక్కేటప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి నెట్టేవి. ఇప్పుడు కాలు గంటలకొలది ఊరక ఉంటుంది. పల్లెలలోనూ పాత యంత్రాలకు చిన్న మోటార్లు బిగిస్తున్నారు. పీటలు అవే. 2023 సెప్టెంబరు 17న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన విశ్వకర్మ పథకంలో చేరిన 18 వృత్తులలో దర్జీ ఉన్నాడు. పనిముట్ల కొరకు 15,000 రూపాయల వరకు సహాయం లభిస్తుంది. ఆ జాబితాలోనే వడ్రంగి కూడా ఉన్నాడు. 18 అంగుళాల ఎత్తున, నాలుగు అడ్డకర్రలతో, ముందంచు గుండ్రంగా చెక్కిన వేపకర్ర స్టూలు అతనికి ఒకటి రెండు రోజుల పని.