పేగువ్యాధి మందులు వాడే కౌమారుల్లో అంతుచిక్కని జ్వరం

క్రోన్స్ వ్యాధి, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న పిల్లలకు ఇచ్చే అజథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు రోగనిరోధక శక్తిని అణచిపెడతాయి. వీరికి జ్వరం వస్తే పేగువ్యాధి తిరగబెట్టిందనుకుని స్టెరాయిడ్ పెంచడం ప్రమాదకరం. ముందు ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకోవాలి. పొట్టలో చీముగడ్డ ఉందేమో స్కాన్‌లో చూడాలి. అజథయోప్రిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో ఆ మందే జ్వరం తేవచ్చు, ఆపితే తగ్గిపోతుంది.

మన దేశంలో మాత్రం మొదటి అనుమానాల్లో క్షయ ఉండి తీరాలి. ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవారిలో వచ్చిన 70 క్షయ కేసులను 2001లో అమెరికా పరిశోధకులు ప్రచురించారు. సగానికి పైగా కేసుల్లో జబ్బు ఊపిరితిత్తుల వెలుపల కనిపించింది. ఛాతీ ఎక్స్‌రే బాగుందని నిశ్చింతగా ఉండరాదన్నమాట. పైగా పేగు క్షయ అచ్చం క్రోన్స్‌లాగే ఉంటుంది, కాబట్టి అసలు మొదటి నిర్ధారణనే తిరగదోడాల్సి రావచ్చు.

అజథయోప్రిన్ వాడే కుర్రవాళ్లకు ఎప్‌స్టీన్-బార్ వైరస్ తొలిసారి సోకితే మరో ముప్పు పొంచి ఉంటుంది: రోగనిరోధక కణాలు అదుపు తప్పే హీమోఫాగోసైటిక్ లింఫోహిస్టియోసైటోసిస్. తగ్గని జ్వరం, ఉబ్బిన ప్లీహం, పడిపోయే రక్తకణాలు, వేలల్లోకి ఎగబాకే ఫెరిటిన్ దీని గుర్తులు. రక్తంలో ఫైబ్రినోజెన్ తగ్గడంతో, వాపును సూచించే ఈఎస్ఆర్ కూడా దిగివస్తుంది. అది కోలుకోవడం కాదు. వైరస్‌ను పీసీఆర్‌తో వెతకాలి. లింఫోమా కూడా ఇలాగే మొదలుకావచ్చు గనుక ఎముక మజ్జ పరీక్షను వాయిదా వేయకూడదు.

ఈ మందులు వాడే పిల్లలకు జ్వరం వస్తే, మందుల చీటీ వెంటబెట్టుకుని అదే రోజు డాక్టరుకు చూపించండి.